డౌన్‌లోడ్ 480, అప్‌లోడ్ 2: కోయాక్స్ కేబుల్ నెట్‌లో అప్‌లోడ్ ఎక్కడ పోతోంది?

గోంగూర_టెక్సాస్ (ప్రశ్న)

డాలస్ దగ్గర రెండంతస్తుల ఇల్లు, 2004లో కట్టింది. ఇంట్లోకి వచ్చేది ఫైబర్ కాదు, కోయాక్స్ కేబులే (కేబుల్ టీవీకి వాడే గుండ్రటి తీగ). ప్లాన్ 500 ఎంబీపీఎస్ డౌన్, 20 అప్. డౌన్‌లోడ్ ఎప్పుడు చూసినా 470–480 వస్తోంది. అప్‌లోడ్ పగలు 4–5, రాత్రి 8 దాటాక 1.5–2. వీడియో కాల్‌లో అవతలివాళ్లు నాకు శుభ్రంగా కనిపిస్తారు, నేను వాళ్లకి బొమ్మలా బిగుసుకుపోతాను.

వైఫై సంగతి పక్కన పెట్టండి. లాప్‌టాప్‌ని మోడెమ్‌కి నేరుగా లాన్ కేబుల్‌తో కలిపి చూసినా ఇవే అంకెలు. మోడెమ్ సొంతది, డాక్సిస్ (కేబుల్ నెట్ ప్రమాణం) 3.0. 192.168.100.1 పేజీలో కనిపించేవి ఇవి:

డౌన్‌స్ట్రీమ్ (డౌన్‌లోడ్ వైపు) ఛానెళ్లు అన్నీ +2 నుంచి +4 డీబీఎంవీ (సిగ్నల్ బలం కొలత) మధ్య, ఎస్ఎన్ఆర్ (నాయిస్ కన్నా సిగ్నల్ ఎంత ఎక్కువో) 38–39.
అప్‌స్ట్రీమ్ (అప్‌లోడ్ వైపు) 16.4, 22.8, 29.2, 35.6 మెగాహెర్ట్జ్. నాలుగింటికీ పవర్ 51.0 డీబీఎంవీ. అప్పుడప్పుడు ఒకటో రెండో ఛానెళ్లు లాక్ కాలేదని చూపిస్తోంది.
లాగ్‌లో టీ3 టైమవుట్లు రోజుకి 50–60.

వైరింగ్: వీధి నుంచి వచ్చిన కేబుల్ గోడ బయట గ్రౌండ్ బ్లాక్‌కి (కేబుల్‌ని ఎర్త్ చేసే ముక్క), అక్కడి నుంచి కింద క్లోజెట్‌లో ఉన్న 4 పోర్టుల బూస్టర్‌కి (సిగ్నల్ పెంచి పంచే పెట్టె) వెళ్తుంది. బూస్టర్ పాత ఓనర్ పెట్టింది. దాంట్లోంచి ఒక తీగ హాల్లో టీవీ బాక్సుకి, ఒకటి మేడ మీద నా గదికి, రెండు ఖాళీ బెడ్‌రూములకి. నా గదిలో గోడ దగ్గర 2-వే స్ప్లిటర్ ఒకటి ఉంది. ఒక కాలు మోడెమ్‌కి, రెండోది ఉత్తిదే.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే రీబూట్ చేయించి, ‘సిగ్నల్ బాగుంది’ అంటున్నారు. టెక్నీషియన్‌ని పిలిపించే ముందు నేను చూసుకోగలిగింది ఏమన్నా ఉందా?

పులుసుముక్క

ముందు చిన్న విషయం తేల్చుకోండి. ఇంట్లోంచి ఎవరైనా అప్‌లోడ్ తాగేస్తున్నారా? సెక్యూరిటీ కెమెరాలు క్లౌడ్‌కి పంపేవైతే ఒక్కోటి ఎడతెగకుండా 2–4 ఎంబీపీఎస్ లాగుతుంది. ఫోన్లలో ఫొటోల బ్యాకప్ రాత్రిపూట చార్జింగ్‌కి పెట్టగానే మొదలవుతుంది. రౌటర్‌ని ఊడదీసి, మోడెమ్‌కి లాప్‌టాప్ ఒక్కటే పెట్టి రాత్రి 9కి టెస్ట్ చేశారా? అప్పుడూ 2 వస్తే నా మాట వదిలేయండి.

గోంగూర_టెక్సాస్

అలాగే చేశానండి. ఒక్క లాప్‌టాప్ మాత్రమే, బ్యాకప్‌లు అన్నీ ఆపేసి. 1.8 వచ్చింది.

డీబీ_లెక్కలు

మీరు ఇచ్చిన అంకెల్లోనే జవాబు ఉంది. నాలుగు ఛానెళ్లూ సరిగ్గా 51.0 దగ్గర ఆగిపోవడం కొలత కాదు, పైకప్పు. డాక్సిస్ 3.0 మోడెమ్ నాలుగు ఛానెళ్లు ఒకేసారి వాడుతూ 64 క్వామ్ అనే పద్ధతిలో (డేటాని సిగ్నల్‌గా మార్చే తీరు) పంపితే, ఒక్కో ఛానెల్‌కి ప్రమాణం ప్రకారం దాని గరిష్ఠ పవర్ 51 డీబీఎంవీ. అంటే మీ మోడెమ్ గొంతు చించుకుని అరుస్తోంది, అయినా అవతలికి చాలడం లేదు.

ఇది ఎలా పనిచేస్తుందో తెలిస్తే మిగతాదంతా తేలిక. డౌన్‌లోడ్ సిగ్నల్ వాళ్లు పంపినంత బలంతో మీ ఇంటికి వస్తుంది, మోడెమ్ ఊరికే వింటుంది. అప్‌లోడ్‌లో అలా కాదు. వీధిలోని మోడెమ్‌లన్నీ అవతలి సీఎంటీఎస్ (మోడెమ్‌లతో మాట్లాడే కంపెనీ యంత్రం) దగ్గరికి ఒకే బలంతో చేరాలి. అందుకని అది ప్రతి మోడెమ్‌తోనూ ‘కొంచెం పెంచు, కొంచెం తగ్గించు’ అని మాట్లాడుతూనే ఉంటుంది. దారిలో నష్టం ఎక్కువైతే మోడెమ్ పవర్ పెంచుకుంటూ పోతుంది. కాబట్టి అప్‌స్ట్రీమ్ పేజీలో కనిపించే అంకె మీ ఇంటి నుంచి నోడ్ (వీధి కేబుళ్లు కలిసే కంపెనీ పెట్టె) దాకా దారి ఎంత మింగేస్తోందో చెప్పే మీటరు. 36 నుంచి 47 దాకా ఉంటే సుఖం. 49 దాటితే వేసవి ఎండకే ఇబ్బంది మొదలవుతుంది. 51 దగ్గర ఇరుక్కుంటే అవతల సిగ్నల్ నాయిస్‌లో మునిగిపోతుంది, ప్యాకెట్లు పాడవుతాయి, మళ్లీ మళ్లీ పంపాలి. మోడెమ్ అడిగిన రేంజింగ్‌కి (పవర్, సమయం సరిచూసుకునే సందేశం) 200 మిల్లీసెకన్లలో జవాబు రాకపోతే లాగ్‌లో టీ3 పడుతుంది. ఒక ఛానెల్‌లో వరసగా 16 సార్లు అలా అయితే మోడెమ్ ఆ ఛానెల్‌ని వదిలేస్తుంది. మీకు ఒకటి రెండు లాక్ కాకుండా కనిపిస్తున్నది అదే.

ఇక మీ ఇంట్లో నష్టం లెక్క వేద్దాం. 2-వే స్ప్లిటర్ 3.5 డీబీ తింటుంది. 4-వే అయితే 7, 8-వే అయితే 11. మీ బూస్టర్ సంగతి ఇంకా చిత్రం. 4 పోర్టుల రకంలో డౌన్‌లోడ్ వైపు ఒక్కో పోర్టుకి సుమారు +8 డీబీ వస్తుంది. కానీ ఎక్కువ బూస్టర్లలో తిరుగుదారి పాసివ్, అంటే దానికి యాంప్లిఫైయర్ లేదు. అటు వెళ్లే సిగ్నల్ స్ప్లిటర్‌లో పడి 7–8 డీబీ పోగొట్టుకుంటుంది. దానిపైన గదిలో 2-వే 3.5. మొత్తం 11 డీబీ దాకా ఊరికే పోతోంది. డౌన్‌లోడ్ అంకెలు అందంగా కనిపించడానికీ అప్‌లోడ్ చావడానికీ కారణం ఆ ఒక్క పెట్టే. కస్టమర్ కేర్ వాళ్లు చూసేది ఎక్కువగా డౌన్‌స్ట్రీమ్, అందుకే ‘సిగ్నల్ బాగుంది’.

ఇంకో లెక్క గుర్తుంచుకోండి. ఆర్‌జీ6 (ఇళ్లల్లో మామూలుగా వాడే కోయాక్స్ రకం) కేబుల్ 100 అడుగులకి 750 మెగాహెర్ట్జ్ దగ్గర సుమారు 5.7 డీబీ పోగొడుతుంది, అదే 40 మెగాహెర్ట్జ్ లోపు అయితే ఒకటిన్నర డీబీ కూడా ఉండదు. అప్‌లోడ్ నడిచేది 5–42 మెగాహెర్ట్జ్‌లో. కాబట్టి అప్‌స్ట్రీమ్ పవర్ ఎక్కువగా ఉంటే తీగ పొడుగుని అనుమానించకండి. స్ప్లిటర్లు, కనెక్టర్లే దొంగలు.

చేయాల్సింది: బూస్టర్‌ని తీసేసి దాని చోట ఒకే ఒక్క 2-వే స్ప్లిటర్ (5–1000 మెగాహెర్ట్జ్ అని మీద రాసి ఉండాలి) పెట్టండి. ఒక కాలు టీవీ బాక్సుకి, ఒకటి మీ గదికి. గదిలోని స్ప్లిటర్ తీసేసి మోడెమ్‌ని నేరుగా గోడకి పెట్టండి. ఖాళీ బెడ్‌రూముల తీగలు దేనికీ కలపొద్దు. డౌన్‌లోడ్ భయం వద్దు. మీ +3 లోంచి బూస్టర్ ఇచ్చిన 8 తీసి, గదిలో స్ప్లిటర్ తిన్న 3.5 కలిపితే అసలు సిగ్నల్ -1.5. కొత్త స్ప్లిటర్‌కి 3.5 పోతే -5 చుట్టూ ఉంటుంది. -7 నుంచి +7 దాకా ఏ బెంగా లేదు. ప్రమాణం -15 నుంచి +15 వరకు ఒప్పుకుంటుంది.

ఒక జాగ్రత్త. కొన్ని బూస్టర్లకి కరెంటు అడాప్టర్ వేరే చోట ఉండి, కోయాక్స్ తీగలోంచే డీసీ వెళ్తుంది. మధ్యలో పవర్ ఇన్సర్టర్ అని చిన్న డబ్బా ఉంటుంది. బూస్టర్ తీసి దాన్ని వదిలేస్తే ఆ వోల్టేజీ మోడెమ్‌లోకి దిగొచ్చు. అడాప్టర్, ఇన్సర్టర్ రెండూ ముందు తీయండి.

సిగ్నల్_సుబ్బడు

బూస్టర్ తీయడం ఎందుకండీ, పాతదైపోయి ఉంటుంది. 15 డీబీ గెయిన్ ఉన్న కొత్తది పెడితే రెండువైపులా లాగుతుంది కదా. యాక్టివ్ రిటర్న్ ఉన్నవి కూడా దొరుకుతున్నాయి.

డీబీ_లెక్కలు

సుబ్బడు గారూ, ఆ పని చేయకండి, చేయించకండి. యాక్టివ్ రిటర్న్ అంటే మోడెమ్ గొంతుతో పాటు ఇంట్లోని నాయిస్‌ని కూడా పెంచి వీధిలోకి తోయడం. డౌన్‌లోడ్‌లో ఒక మూలం నుంచి వందల ఇళ్లకి పంచుతారు. అప్‌లోడ్‌లో అది తిరగబడుతుంది, వందల ఇళ్ల చెత్త గరాటులో పోసినట్టు ఒకే చోటికి వచ్చి కలుస్తుంది. ఒక ఇంట్లో వదులు కనెక్టర్ ఉంటే వీధి మొత్తానికి అప్‌లోడ్ పోవచ్చు. కంపెనీవాళ్లు అలాంటి ఇంటిని వెతికి పట్టుకుని కనెక్షన్ ఊడదీసి వెళ్లడం మామూలే. పైగా సమస్య నష్టం. నష్టాన్ని తీసేయడానికి దారి ఉన్నప్పుడు పైన ఇంకో యంత్రం ఎందుకు?

బూస్టర్ నిజంగా కావాల్సిన ఇల్లూ ఉంటుంది. అయిదారు టీవీ బాక్సులు, గ్రౌండ్ బ్లాక్ దగ్గరే -6 ఉంటే తప్పదు. అప్పుడు మోడెమ్ కోసం విడిగా పాసివ్ పోర్టు ఉన్న రకం తీసుకోవాలి. దాని మీద మోడెమ్ అనో వాయిస్ అనో రాసి ఉంటుంది. లేదా గ్రౌండ్ బ్లాక్ తర్వాత 2-వే స్ప్లిటర్ పెట్టి ఒక కాలు మోడెమ్‌కి, రెండోది బూస్టర్‌కి ఇవ్వాలి. మోడెమ్ ఎప్పుడూ బూస్టర్‌కి ముందే ఉండాలి, వెనక కాదు.

కాపర్_కాకి

స్ప్లిటర్ కొనేటప్పుడు ఒక మెలిక. పాత ఇళ్లల్లో, డ్రాయర్లలో దొరికేవి యాంటెనా కాలంనాటివి. కొన్ని 40 లేదా 54 మెగాహెర్ట్జ్ నుంచి మొదలవుతాయి. డిష్ కోసం చేసినవి కొన్ని 950 నుంచే. టీవీకి అవి బాగానే పనిచేస్తాయి, మోడెమ్‌కి తిరుగుదారి మూసుకుపోతుంది. 5 అనే అంకె లేకపోతే చెత్తబుట్టలోకి.

టీవీ తీగలో నాయిస్ వెనక్కి పోకుండా టెక్నీషియన్లు వేలెడంత హైపాస్ ఫిల్టర్ బిగించి వెళ్తారు. దాని ఉద్దేశమే 54 కింద ఉన్నదాన్ని ఆపడం. తర్వాత మీరు మోడెమ్‌ని ఆ గదికి మార్చారనుకోండి, అది అసలు లేవదు. మోకా (ఇంటి కోయాక్స్ తీగల్లోనే నెట్ నడిపే పద్ధతి) ఫిల్టర్ అలాంటిది కాదు, అది 1000 మెగాహెర్ట్జ్ పైన ఉన్నదాన్నే ఆపుతుంది. దాన్ని తీయక్కర్లేదు. కోయాక్స్ పోర్టు ఉన్న సర్జ్ ప్రొటెక్టర్‌లోంచి తీగ వెళ్తుంటే మాత్రం దాన్ని తప్పించండి. పిడుగుని ఆపేది గ్రౌండ్ బ్లాక్ దగ్గరి ఎర్త్ తీగే. ఆ తీగ జోలికి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వెళ్లొద్దు.

స్ప్లిటర్‌లో వాడని పోర్టు ఉంటే 75 ఓమ్‌ల టర్మినేటర్ బిగించండి. తెరిచి వదిలిన పోర్టు చిన్న యాంటెనా. 27 మెగాహెర్ట్జ్ సీబీ రేడియో, 7, 14, 21, 28 దగ్గర హామ్ రేడియోలు, నాసిరకం ఎల్ఈడీ అడాప్టర్లు, మోటార్లు, అన్నీ సరిగ్గా మీ అప్‌లోడ్ దారిలోనే గోల చేస్తాయి. మీ గదిలో ఖాళీగా ఉన్న ఆ రెండో కాలు కూడా ఆ జాతే.

గోంగూర_టెక్సాస్

బూస్టర్, ఇన్సర్టర్, గదిలో స్ప్లిటర్ తీసేశాను. 5–1000 రాసి ఉన్న 2-వే ఒక్కటే పెట్టాను. ఇప్పుడు:

డౌన్‌స్ట్రీమ్ -4 నుంచి -5.5. ఎస్ఎన్ఆర్ 38.
అప్‌స్ట్రీమ్: 16.4 దగ్గర 48.3, 22.8 దగ్గర 46.0, 29.2 దగ్గర 44.3, 35.6 దగ్గర 43.5.

పగలు 13–14 వస్తోంది, రాత్రి 6. టీ3లు రోజుకి 15కి తగ్గాయి, పోలేదు. అన్నీ మొదటి ఛానెల్‌లోనే పడుతున్నట్టున్నాయి.

డీబీ_లెక్కలు

ఈ నాలుగు అంకెలు బంగారం. ఇంతకుముందు అన్నీ 51 దగ్గర పైకప్పుకి తగులుకుని ఉండడంతో ఇది కనబడలేదు.

కేబుల్‌లో ఫ్రీక్వెన్సీ పెరిగే కొద్దీ నష్టం పెరుగుతుంది. కాబట్టి ఆరోగ్యంగా ఉన్న లైనులో 16.4 ఛానెల్‌కి కాస్త తక్కువ పవర్, 35.6కి కాస్త ఎక్కువ కావాలి. లేదా నాలుగూ ఒక డీబీ తేడాలో ఉండాలి. మీకు తలకిందులైంది. కింది ఫ్రీక్వెన్సీకే ఎక్కువ పవర్ కావాల్సి వస్తోంది, తేడా దాదాపు 5 డీబీ.

ఇలా చేసేది ఎక్కువగా ఒకటే: ఎక్కడో మధ్య తీగ ఆనీ ఆనకుండా ఉంది. రాగి కొనకీ అవతలి కనెక్టర్ లోపలి స్ప్రింగుకీ మధ్య తుప్పో, వెంట్రుకవాసి ఖాళీయో ఉంటే అది కెపాసిటర్‌లా పనిచేస్తుంది. కెపాసిటర్ పై ఫ్రీక్వెన్సీని దాటనిస్తుంది, కిందిదాన్ని ఆపుతుంది. 500, 700 మెగాహెర్ట్జ్‌లో ఉన్న డౌన్‌లోడ్ దాన్ని గుర్తించనైనా గుర్తించదు. 16 మెగాహెర్ట్జ్ అప్‌లోడ్ అక్కడే చస్తుంది. కేబుల్‌లో నీళ్లు చేరితే దీనికి వ్యతిరేకంగా పైన ఉన్న ఛానెళ్లు ముందు పోతాయి. కాబట్టి నీళ్ల కేసు కాదు ఇది.

ఎక్కడుందో పట్టుకోవడానికి మోడెమ్‌ని, లాప్‌టాప్‌ని గ్రౌండ్ బ్లాక్ దగ్గరికే మోసుకెళ్లండి. పొడుగాటి కరెంటు తీగ వేసుకుని, ఒక చిన్న కొత్త కోయాక్స్ ముక్కతో ఇంటివైపు పోర్టుకి నేరుగా కలపండి. మోడెమ్ లేవడానికి రెండు మూడు నిమిషాలు. స్ప్లిటర్ కూడా లేదు కాబట్టి నాలుగూ 3.5 తగ్గుతాయి. చూడాల్సింది ఆ తగ్గుదల కాదు, ఆ వాలు పోయిందా లేదా అన్నది. పోతే తప్పు ఇంట్లో ఉంది. అలాగే ఉంటే గ్రౌండ్ బ్లాకో, దానికి అవతలో ఉంది. అది కంపెనీవాళ్ల పని, మీరు ముట్టుకోవద్దు. అక్కడ తీసిన ఫొటో ఉంటే టెక్నీషియన్‌తో వాదించాల్సిన పని ఉండదు.

ఇంట్లో అయితే గోడ ప్లేట్లు, క్లోజెట్‌లోని కొసలు ఒక్కొక్కటే విప్పి చూడండి. రాగి కొన కనెక్టర్ అంచు దాటి సుమారు 3 మిల్లీమీటర్లు బయటికి రావాలి. మెరుస్తూ ఉండాలి, నల్లబడకూడదు. గోడ ప్లేటు వెనకవైపు కూడా విప్పాలి. అందరూ మర్చిపోయేది అదే.

కాపర్_కాకి

కనెక్టర్ కొత్తగా వేయాల్సి వస్తే: కోయాక్స్ స్ట్రిప్పర్, కంప్రెషన్ టూల్, ఆర్‌జీ6 కంప్రెషన్ ఎఫ్ కనెక్టర్లు. మీ తీగ క్వాడ్ షీల్డ్ (నాలుగు పొరల కవచం) అయితే దానికి సరిపడే కనెక్టరే తీసుకోండి, మామూలుది ఎక్కదు. స్ట్రిప్పర్ రెండు మెట్లుగా కోస్తుంది: పావు అంగుళం ఉత్త రాగి, పావు అంగుళం తెల్లటి ఇన్సులేషన్. అల్లిక వెంట్రుకల్ని పైతొడుగు మీదికి వెనక్కి మడవాలి. ఒక్క వెంట్రుక రాగికి తగిలినా షార్టే. ఇన్సులేషన్ మీదున్న రేకుని మాత్రం అలాగే ఉంచాలి. తెల్లటి భాగం కనెక్టర్ అడుగుతో సమంగా వచ్చేదాకా నెట్టి, అప్పుడు నొక్కండి. తెలుపు లోపలే ఆగిపోయిందంటే కొన పొట్టిదై మళ్లీ ఇదే జబ్బు వస్తుంది. రాగిని కత్తితో గీకకండి. అది చాలా తీగల్లో రాగి పూత వేసిన ఉక్కు. పూత పోతే తుప్పు ఖాయం.

చేత్తో ఆగినంతవరకు తిప్పి, 11 మిల్లీమీటర్ల స్పానర్‌తో ఇంకో ఆరో వంతు చుట్టు. అంతే. గోడ ప్లేటు మీద బలం చూపిస్తే లోపలి తీగ మెలిపడుతుంది. వదులుగా ఉండి తోస్తే ఎక్కే రకం, పాత గుండ్రటి క్రింపు రకం కనిపిస్తే మంచిదైనా సరే కోసి పారేయండి.

అమీర్‌పేట_ఆప్టిక్

మధ్యలో ఒక మాట. ఇది చదివే హైదరాబాద్, విజయవాడవాళ్లు ఈ డీబీఎంవీ లెక్కలు మన ‘కేబుల్ నెట్’కి వేసుకోకండి. మన దగ్గర కేబుల్ ఆపరేటర్ ఇచ్చేది ఇప్పుడు ఎక్కువగా జీపాన్ (ఒక ఫైబర్‌ని చాలా ఇళ్లకి పంచే పద్ధతి) ఫైబర్, లేదా అపార్ట్‌మెంట్ పెట్టెలోని స్విచ్ నుంచి లాన్ తీగ. ఫైబర్ అయితే ఓఎన్‌యూ (ఇంట్లోని ఫైబర్ పెట్టె) పేజీలో ఆర్ఎక్స్ (అందుకునే) పవర్ -27 డీబీఎం కన్నా కిందికి పోకూడదు. -15 నుంచి -24 ఉంటే బాగున్నట్టే. కేబుల్ టీవీ కూడా అదే ఫైబర్‌లో వస్తే కనెక్టర్లు ఆకుపచ్చవి. వాటికి నీలం రంగుది తగిలిస్తే ఏటవాలు ముఖం, సమతల ముఖం కలవక వెలుగు వెనక్కి కొడుతుంది. స్విచ్ నుంచి లాన్ అయితే తీగలో రెండు జతలే వాడుతున్నారేమో చూడండి, అప్పుడు రెండు వైపులా 100 దాటదు. లింక్ హాఫ్ డూప్లెక్స్ (ఒకసారికి ఒకవైపే) అని చూపిస్తే మీ అప్‌లోడ్ జబ్బు అదే. క్రింపు మళ్లీ కొట్టించండి. ఇంక మీ టెక్సాస్ గొడవ కానివ్వండి.

గోంగూర_టెక్సాస్

గ్రౌండ్ బ్లాక్ దగ్గర పెడితే వాలు పోయింది. 39.4, 39.6, 40.0, 40.2. కాబట్టి తప్పు ఇంట్లోనే. మేడ గదిలో గోడ ప్లేటు వెనక కనెక్టర్ పాత క్రింపు రకం, రాగి కొన అంచుతో సమానంగా ఉంది, బయటికే రాలేదు. కోసి కొత్తది వేశాను.

ఇప్పుడు మోడెమ్ దగ్గర 43.1, 43.3, 43.8, 44.0. రెండు రోజులుగా టీ3 సున్నా. ఉదయం 5కి అప్‌లోడ్ 22, మధ్యాహ్నం 21. కానీ రాత్రి 8.30 నుంచి 11 దాకా 9–12 మధ్య ఊగుతోంది. రాత్రి 9.30కి కూడా పవర్ అంకెలు ఏం మారలేదు.

ఇంకా ఇంట్లో ఏమైనా మిగిలిందా?

డీబీ_లెక్కలు

లేదు. మీ ఇల్లు శుభ్రం. రాత్రి పవర్ కదలకుండా, టీ3 పడకుండా, వేగం మాత్రమే గంటల ప్రకారం తగ్గుతుంటే అది లైను తప్పు కాదు, వీధి రద్దీ.

6.4 మెగాహెర్ట్జ్ వెడల్పు ఉన్న ఛానెల్ 64 క్వామ్‌లో 30.7 ఎంబీపీఎస్ మోస్తుంది, చేతికొచ్చేది 27 దాకా. నాలుగు కలిపితే 108. ఇది మీ ఒక్కరిది కాదు, మీ నోడ్‌లో ఆ అప్‌స్ట్రీమ్ మీద ఉన్న ఇళ్లందరిదీ. అయిదారుగురు ఒకేసారి పూర్తి 20 వాడితే గిన్నె ఖాళీ. 42 దగ్గర గీత గీసిన కాలంలో జనం ఇంట్లోంచి పంపేది ఉత్తరాలే, అందుకే అంత చిన్న ముక్క ఇచ్చారు. ఆ గీతని 85కో (మిడ్ స్ప్లిట్), 204కో (హై స్ప్లిట్) జరపడమో, నోడ్‌ని రెండుగా చీల్చడమో కంపెనీ చేయాలి. మీరు అడగాల్సినవి రెండే: ‘నా నోడ్‌లో అప్‌స్ట్రీమ్ వినియోగం రాత్రి ఎంత శాతం? మిడ్ స్ప్లిట్ ఎప్పుడు?’ మొదటి లైన్‌లో ఫోన్ ఎత్తేవాళ్ల దగ్గర ఆ సమాచారం ఉండదు, మెయింటెనెన్స్ విభాగానికి టికెట్ పెట్టమనండి.

మిడ్ స్ప్లిట్ వస్తే మీ డాక్సిస్ 3.0 మోడెమ్‌కి ఆ పైభాగం కనబడదు. 3.1 మోడెమ్, అదీ కంపెనీ మిడ్ స్ప్లిట్‌కి ఒప్పుకున్న జాబితాలో ఉన్నది కావాలి. ఇప్పుడే కొనకండి. గీత జరగకముందు కొత్త మోడెమ్ అప్‌లోడ్‌ని పెద్దగా పెంచదు. మీరు తీసేసిన ఆ బూస్టర్ లాంటివి కూడా అప్పుడు అడ్డమే. లోపలి ఫిల్టర్ 42/54 దగ్గర కోసేస్తుంది కాబట్టి 42 పైన ఉన్న అప్‌లోడ్ ఛానెళ్లు ఇల్లు దాటవు. 100 అప్‌లోడ్ ప్లాన్ కొన్నాక కూడా 20 దగ్గరే ఆగిపోయిందని తిట్టుకునేవాళ్లలో చాలామంది ఇళ్లల్లో క్లోజెట్‌లో ఇదే ఉంటుంది.

పులుసుముక్క

టికెట్‌కి కదలిక లేకపోతే ఎఫ్‌సీసీ (అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ) సైట్‌లో వినియోగదారు ఫిర్యాదు పెట్టండి, ఉచితం. కంపెనీకి చేరాక 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలి. ఊరికే ‘నెట్ స్లో’ అని రాస్తే అదే రీబూట్ జవాబు వస్తుంది. వారం రోజులపాటు ఉదయం 5, మధ్యాహ్నం 2, రాత్రి 9.30కి లాన్ తీగతో తీసిన టెస్టులు, పక్కనే అదే నిమిషం మోడెమ్ పేజీ ఫొటో. మీ ప్లాన్‌కి వాళ్లు ప్రచురించిన బ్రాడ్‌బ్యాండ్ లేబుల్ మీద సాధారణ అప్‌లోడ్ వేగం అని ఒక అంకె ఉంటుంది. 2024 నుంచి అది తప్పనిసరి. దాన్నీ జతచేయండి. 2024 మార్చిలో ఎఫ్‌సీసీ బ్రాడ్‌బ్యాండ్ అంటే 100 డౌన్, 20 అప్ అని ప్రమాణం పెంచింది, అదీ ఒక లైను రాయొచ్చు.

సిగ్నల్_సుబ్బడు

బూస్టర్ మాట వెనక్కి తీసుకున్నాను. నాదొక సందేహం. గోంగూర గారి లైనులో మొదట్నుంచీ స్పీడ్ టెస్టులో 4–5 వచ్చేటప్పుడు కూడా, హైదరాబాద్ ఆఫీసు సర్వర్‌కి ఫైలు పంపితే 1 కూడా రాకపోయి ఉండాలి. దగ్గర సర్వర్‌కి ఒకలా, దూరానికి ఒకలా ఎందుకు?

డీబీ_లెక్కలు

మంచి ప్రశ్న. పాత పద్ధతి టీసీపీలో (నెట్‌లో ఫైళ్లు పంపే నియమావళి) ఒక్క కనెక్షన్ వేగం, ప్యాకెట్ వెళ్లి వచ్చే సమయానికి విలోమంగా ఉంటుంది. వెయ్యిలో ఒక ప్యాకెట్ పోతోందనుకోండి. 20 మిల్లీసెకన్ల దూరంలోని డాలస్ సర్వర్‌కి లెక్క ప్రకారం 22 ఎంబీపీఎస్ దాకా వస్తుంది. 250 మిల్లీసెకన్ల దూరంలోని హైదరాబాద్‌కి అదే నష్టంతో 1.8 మాత్రమే. పైగా స్పీడ్ టెస్టు ఒకేసారి చాలా కనెక్షన్లు తెరుస్తుంది, మీ ఫైలు ఒక్కదాంట్లో పోతుంది. అందుకే ఇండియాకి ఫైళ్లు పంపేవాళ్లకి లైను తప్పు ముందే తెలిసిపోతుంది. స్పీడ్ టెస్టు కన్నా గంటసేపు పింగ్ పెట్టి ఎన్ని పోయాయో లెక్కపెట్టడం మేలు.

గోంగూర గారూ, రాత్రి కాల్స్ కోసం ఒకటి చేయొచ్చు. రౌటర్‌లో ఎస్‌క్యూఎమ్, అంటే క్యూ పెరగకుండా చూసే ఏర్పాటు ఉంటే (ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ అనే రౌటర్ సాఫ్ట్‌వేర్‌లో కేక్ అనే పద్ధతి ఉంది), అప్‌లోడ్ హద్దుని అసలు వేగంలో 85–90 శాతానికి పెట్టండి. 20 వచ్చే లైనుకి 18. అలా పెడితే ఎవరో ఫొటోలు ఎక్కిస్తున్నా ప్యాకెట్లు మోడెమ్ లోపల క్యూ కట్టవు, మీ గొంతు ముందు వెళ్తుంది. మీకు రాత్రి 9కి పడిపోతోంది కాబట్టి 18 పెడితే ఆ సమయంలో పనిచేయదు. రాత్రి 8 నుంచి 11 దాకా 8కి దించేలా రౌటర్ టైమర్ క్రాన్‌లో పెట్టుకోండి. వీడియో కాల్‌కి 3–4 చాలు, మిగతాది బ్యాకప్‌లకి. డాక్సిస్ 3.1 మోడెమ్‌లలో ఈ క్యూని అదుపులో పెట్టే ఏర్పాటు తప్పనిసరిగా ఉంటుంది. మీది 3.0, దాని మీద ఆశ పెట్టుకోకండి.

గోంగూర_టెక్సాస్

8 పెట్టి ఈ రాత్రి చూశాను. అప్‌లోడ్ నింపుతూ పింగ్ కొడితే ముందు 600 మిల్లీసెకన్లు ఉండేది, ఇప్పుడు 35–40. నోడ్ రద్దీ మీద టికెట్ పెట్టాను, వాళ్లు రాసిచ్చేది రాగానే ఇక్కడ పెడతాను.